నాటకమునకు దారిబత్తెము

ఇంట పెండ్లి జరిగినపుడు వంటల కెంత యైనది, వస్త్రముల కెంత యైనది యని మనము శ్రద్ధగా లెక్క వ్రాసికొందుము. చుట్టములను తరలించిన బండ్ల బాడుగను మాత్రము కడపట నెక్కడనో చేర్చుదుము. తీఱ కూడి చూచినపుడు నడుము విఱుగగొట్టిన పద్దు అదియే యై యుండును. నాటకముల విషయమునను ఇట్లే జరుగుచున్నది. క్రొత్త నాటకమును గట్టువారికి పోటీలు గలవు, బహుమతులు గలవు, శాలువలు గలవు. కట్టిన నాటకమును మూటగట్టుకొని పది యూళ్లకు పోవువారికి మాత్రము దారిబత్తెము దొరకుట దుర్లభముగా నున్నది. ఈ సంగతి మాకు పుస్తకములు చదివి తెలిసినది కాదు, చేతి చమురు వదలి తెలిసినది.

మాది చిన్న పట్టణము. మా మహిళా సంఘమువారము రెండేండ్ల క్రిందట ఒక కుటుంబ నాటక సమాజమును ఐదు రాత్రుల కొఱకు పిలిపించితిమి. వారు వచ్చిననాడు చూడవలసినది! రెండు లారీల నిండ తెరలు, వెదుళ్లు, రేకులు, కిరీటములు గల ట్రంకుపెట్టెలు, ఒక హార్మోనియము, వంట గిన్నెలు. వెనుక వచ్చిన బస్సులో నలుబదిమంది మనుష్యులు. వారిలో తొమ్మండుగురు పిల్లలు, అందొకటి చంటిబిడ్డ. ఆ చంటిబిడ్డ తల్లియే ఆ రాత్రి శశిరేఖ. తెరవెనుక ఉయ్యాల గట్టి, బిడ్డకు పాలిచ్చి, కాటుక దిద్దుకొని, రంగముపైకి పోయి పాడి, మరల వచ్చి ఉయ్యాల నూపుచుండెను. ఆమెను చూచిన తరువాత ఇంటి పనికి తీఱిక లేదని చెప్పుటకు మాలో పలువురకు నోరాడలేదు.

ఐదు రాత్రులును బడి ఆవరణ నిండినది. మగవారికంటె ఆడవారే యెక్కువ. మా వీథిలోని ఒక ముసలమ్మగారు తమ పుట్టినింట చిన్ననాడు చూచిన నాటకము తరువాత మరల నాటకము చూచుట అదే మొదటిసారి యని చెప్పిరి. నడుమ గడచినవి యేబది సంవత్సరములు! ఆమెకు సినిమాలు తెలియవని కాదు, ఇంట టెలివిజను లేకయు కాదు. ఘటోత్కచుడు ఆకాశమున నెగురుచు తన తలమీదుగా పోవుచుండ ఆమె రెండు చేతులతో తల గప్పుకొని చిన్నపిల్లవలె నవ్విన నవ్వు టెలివిజను ముందఱ మే మెన్నడును వినలేదు.

టిక్కెట్లు బాగుగనే అమ్మితిమి. అయినను ఆరవనాటి యుదయమున లెక్క చూడగా, వచ్చిన సొమ్ములో సగమునకు పైగా లారీలకు, బస్సునకు, దించు కూలికి, తాత్కాలికపు కరెంటు కనెక్షనుకు చెల్లిపోయినది. సంఘపు సభ్యులము వంతులవారీగా వంట చేసి పెట్టితిమి గనుక భోజనముల ఖర్చు లెక్కలోనికి రాలేదు. వచ్చియున్న యెడల ఆ సమాజమునకు మిగులునది సున్నయే. గమనింపుడు: తెరలు తరతరములుగా ఉన్నవే, వేషములు ఉన్నవే, పాటలు వారి నాలుకమీద నున్నవే. నాటకమునకు ఆ వారమున క్రొత్తగా పెట్టవలసిన వ్యయము దాదాపు శూన్యము. ఖర్చంతయు దారిది.

అంతకు ముందే కొంత సాయము దొరకునేమో యని మేమొక కార్యాలయమునకు అర్జీ పెట్టుకొంటిమి. అచటి ఉద్యోగి మర్యాదగనే మాటలాడెను గాని, కాగితము చూచి, “ఇది పాత నాటకమండీ. ఎప్పటినుంచో ఆడుతున్నదే. కొత్తగా ఏదైనా తయారుచేస్తే ఆలోచించవచ్చు” అని తిరిగి యిచ్చెను. ఈ మాటను మేము ఆ సమాజములోని పెద్దావిడతో చెప్పితిమి. ఆమె నవ్వి, “అమ్మా, శశిరేఖ వేషం నేను కట్టాను, నా కూతురు కట్టింది, ఇప్పుడు మనుమరాలు కడుతోంది. నాటకం మాకు పాతదే. మీ ఊరి పిల్లలకు కొత్తదే కదమ్మా” అనెను. ఆ ఉద్యోగికి మేము చెప్పలేకపోయిన సమాధాన మదియే.

ఊరూర తిరుగు నాటకము మన తెలుగువారికి క్రొత్త గాదు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున ‘కీచకవధ’ ప్రదర్శనముతో మొదలైన సురభి నాటకసమాజము మనలో నెఱుగనివా రుండరు. వనారస గోవిందరావుగారి పెద్దఱికమున పెరిగి, ఒక సమాజము పలు సమాజములై, కుటుంబములే నాటకశాలలై దేశమంతట సంచరించినవి. తక్కిన నాటకములలో స్త్రీవేషములను పురుషులే ధరించుచుండిన దినములలో సురభివారి యాడుపడుచులు తమ వేషములను తామే ధరించిరి. స్థానము నరసింహారావుగారి సత్యభామను మెచ్చుకొనని వారు లేరు, మేమును మెచ్చుకొందుము. కాని సీతగా సీతజాతి మనిషియే నిలుచుటలో నొక న్యాయమున్నది. దానిని పెద్ద సంస్కర్తల యుపన్యాసముల కంటె ముందుగా ఆచరణలో పెట్టినవారు ఈ సంచార కుటుంబములవారు.

వారి పూర్వపు పద్ధతిలో నొక లెక్క యుండెడిది. ఒక పట్టణమునకు పోయి రేకుల నాటకశాల వేసికొనిన యెడల నెలలకొలది అచటనే యుండి దినమున కొక నాటకము చొప్పున ఆడెడివారు. మూటలు దించి, శాల కట్టి, మరల విప్పి, బండ్ల కెత్తు ఖర్చు నూఱు రాత్రులమీద పంచబడెడిది. ఈ కాలమున సినిమా వచ్చి, పిమ్మట టెలివిజను వచ్చి, నెలల మకాము పోయి ఒకటి రెండు రాత్రుల మకాము మిగిలినది. ఒక రాత్రికైనను, నూఱు రాత్రులకైనను, దించవలసిన మూటలు అవే! ఒక పూట భోజనమునకై సంవత్సరమునకు సరిపడు వంటపాత్రలు అద్దెకు తెచ్చినట్లైనది వారి పని. పదులకొలదిగా నుండిన సురభి సమాజములు నేడు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగులుటకు ఇది యొక ముఖ్య కారణమని మా యభిప్రాయము. 1937లో నేర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి, బాబ్జీగా ప్రసిద్ధులైన వారికి, 2013లో పద్మశ్రీ వచ్చినది. అందఱము సంతోషించితిమి. బిరుదము గోడకు శోభ. లారీకి నూనె గాదు.

దారిఖర్చును ప్రభుత్వ మిచ్చుట యనునది వింత కోరికయని కొంద ఱనుకొందురు. అది వింత గాదని చూపుటకు బ్రిటను దేశపు కథ యొకటి చెప్పెదము. 1939లో యుద్ధ మారంభమైనది. రాత్రులందు దీపములు వెలిగించరాదు. లండనులో నాటకశాలలు మూతపడినవి. 1940 జనవరిలో అచటి పెద్దలు కొందఱు కూడి సంగీతమును కళలను ప్రోత్సహించుట కొక సంఘము నేర్పఱచిరి. దాని యింగ్లీషు పేరులోని మొదటి అక్షరములను గూర్చి ‘సెమా’ యనెడివారు. పిల్‌గ్రిమ్ ట్రస్టు అను ధర్మనిధి 25,000 పౌనులిచ్చెను. ప్రభుత్వమును దానికి జతగా ధన మిచ్చెను. తుపాకులకు గుండ్లు చాలని దినములలో నాటకములకు సొమ్ము!

ఆ సొమ్ముతో జరిగిన వానిలో మాకు మిక్కిలి ప్రియమైనది వేల్సు దేశపు యాత్ర. లండనులోని ఓల్డ్ విక్ నాటకశాల యొక స్త్రీ కష్టార్జితమని చెప్పదగును. లిలియన్ బేలిస్ అను నామె దానిని పేదలకు అందుబాటుగా నుండునట్లు నడపి 1937లో మరణించెను. యుద్ధము రాగా ఆ సమాజము ఊళ్లు పట్టిపోయినది. 1940 శరత్కాలమున సిబిల్ థార్న్‌డైక్ అను సుప్రసిద్ధ నటీమణి, ఆమె భర్త లూయిస్ కాసన్, తోడి నటులతో కూడి వేల్సులోని బొగ్గుగనుల యూళ్లకు ‘మేక్‌బెత్’ నాటకమును దీసికొనిపోయిరి. ఆమెకు అప్పటికి ఏబదియెనిమిదేండ్లు నిండవచ్చినవి. ఇంగ్లండులో బెర్నార్డ్ షా ‘సెయింట్ జోన్’ను 1924లో తొలుత ధరించిన నటి, ప్రభుత్వముచే ‘డేమ్’ బిరుద మందిన మనిషి. అట్టి యామె గనికూలీల సభామందిరములలో, ఉన్న దీపములతో, కొద్దిపాటి తెరలతో నాడెను. తరువాత ‘మీడియా’ యను ప్రాచీన గ్రీకు నాటకమునుగూడ అట్లే త్రిప్పిరి. 1941లో ఓల్డ్ విక్ భవనముపై బాంబు పడినది. అప్పటికే నాటకము గోడలను విడిచి రోడ్డుపై నున్నది గనుక ఆట నిలువలేదు.

ఇం దొక సంగతి చూడుడు. మేక్‌బెత్ మూడువందల యేండ్లు దాటిన నాటకము. గ్రీకు మీడియా రెండువేల నాలుగువందల యేండ్లు మించినది. ఇవి పాత నాటకములు గదా, క్రొత్తవి తెండని ఆ సంఘమువారు కాగితము తిరుగగొట్టలేదు. గనికూలీల భార్యలకు అవి క్రొత్తవని వారికి దెలియును.

ఈ సాయమును ఇచ్చిన విధమును గృహిణులమైన మనము తప్పక గ్రహింపవలెను. వారు తఱచుగా నష్టపు హామీ పద్ధతి నవలంబించిరి. అనగా సమాజమువారు ముందుగా రాబడి వ్యయముల యంచనా వ్రాసి యియ్యవలెను. ఆడిన పిమ్మట టిక్కెట్ల సొమ్ము చాలినచో సంఘము చిల్లిగవ్వ యియ్య నక్కఱలేదు. చాలనిచో ముందుగా నొప్పుకొనిన హద్దువఱకు తక్కువను పూరించును. చేబదులు అవసరము రాకపోవచ్చునుగాని, అవసరమైన ఇచ్చెదనని పొరుగింటి వదినగారు మాట యిచ్చినట్లు! ఆ మాట యున్నచో మనము ధైర్యముగా పేరంటమునకు నలుగురిని పిలువగలము. ఈ పద్ధతిలో ఆడనివానికి సొమ్ము లేదు. ప్రభుత్వధనము తిని కళాకారులు సోమరులగుదు రనువారికి ఇంతకంటె సమాధాన మక్కఱలేదు.

ఈ కథ కొక చేదు భాగమును గలదు. 1942లో ఆ సంఘమునకు అధ్యక్షుడైన వాడు ప్రసిద్ధ అర్థశాస్త్రజ్ఞుడు కేన్స్. 1946లో అది రాజశాసనముతో ఆర్ట్స్ కౌన్సి లైనది. శాంతి రాగానే ధనము మెల్లమెల్లగా లండను వైపునకు, గొప్ప నాటకశాలల వైపునకు జారినది. 1950లలో జిల్లాలలోని కార్యాలయములనుగూడ మూసివైచిరి. దారిఖర్చు ఏ లెక్కలోనైనను మొదట కత్తెర తగులు పద్దు. 1964లో జెన్నీ లీ యను నామె కళల శాఖకు తొలి మంత్రిణి యైనది. ఆమె స్కాట్లండులోని ఒక గనికార్మికుని కూతురు. 1965లో ఆమె ప్రకటించిన విధానపత్రము లండను వెలుపలి ప్రాంతములను మరల దృష్టికి దెచ్చినది. వేల్సు సభామందిరములలో నాటకము చూచినవారి వంటి యింట పుట్టిన పిల్లయే ఆ పని చేయవలసి వచ్చుట యాదృచ్ఛికమని మే మనుకొనము.

ఇతర దేశములను గూర్చి విస్తరింపము. స్వీడనులో 1933లో స్థాపించిన ‘రిక్స్‌టియాటర్న్’ సంచార జాతీయ నాటకశాల. దాని బల మంతయు ఊరూరనున్న ప్రేక్షక సంఘములు. తమ యూరికి ఏ నాటకము రావలెనో ఆ సంఘములవారే నిర్ణయింతురు. మా మహిళా సంఘము వంటివే యవి. పేరు మాత్రము పలుకుటకు కష్టము. ఆస్ట్రేలియాలో 1990ల తొలినాళ్లలో పెట్టిన ‘ప్లేయింగ్ ఆస్ట్రేలియా’ నిధి మఱింత స్పష్టముగా నున్నది. అది నాటకమును తయారుచేయుటకు గాదు. తయారైన దానిని దూరపు పట్టణములకు చేర్చుటలో నగు ప్రయాణము, సామాను రవాణా, బస మొదలగు వాని ఖర్చునకు.

మన దేశమున ఏమియు లేదనుట అన్యాయము. సంగీత నాటక అకాడమీ 1952లో నేర్పడి 1953 జనవరిలో ప్రారంభమైనది. దాని తొలి అధ్యక్షులు మన తెలుగువారు, ‘తప్పెవరిది’ నాటకకర్త, పాకాల వేంకట రాజమన్నారుగారు. తరువాత 1980ల నడుమ ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రములు స్థాపింపబడినవి. ఆంధ్రదేశము తంజావూరు కేంద్రమునకును, నాగపూరు కేంద్రమునకును చెందును. ఇవి ఒక రాష్ట్రపు కళాకారులను వేఱొక రాష్ట్రమునకు పంపుచుండును. మంచిదే. కాని తెనాలినుండి రేపల్లెకు పోవలసిన నాటకమునకు, గువాహటికి పోవు నృత్యమునకు దొరకినంత సులువుగా దారి దొరకదని మాకు తోచినది. గురుశిష్య పరంపర పేరిట కేంద్ర ప్రభుత్వ మిచ్చు సాయము గలదు. అది ప్రధానముగా గురువునకు, శిష్యులకు నెలజీతముగా నిచ్చునది. జీతము వలన కుటుంబము నిలుచును, సందేహము లేదు. ఆ కుటుంబమును లారీ యెక్కించు సొమ్ము వేఱు.

రైలు టిక్కెట్టులో కళాకారులకు ఒకప్పుడు గొప్ప తగ్గింపు ఉండెడిది. ప్రదర్శనమునకు పోవువారికి రెండవ తరగతిలో 75 శాతము వఱకు తగ్గించెడివారు. 2020 మార్చిలో మహమ్మారి సమయమున పెక్కు తగ్గింపులతోబాటు ఇదియు నిలిచినది. నలుబదిమంది గల కుటుంబమునకు అది యెంతటి దెబ్బయో టిక్కెట్టు కొనువారికి తెలియును. ఇం దొక వింత: 1954లోనే ప్రభుత్వము పాటలకు నాటకములకు ఒక ప్రత్యేక విభాగము నేర్పఱచి, పంచవర్ష ప్రణాళికలను గూర్చియు, కుటుంబ నియంత్రణమును గూర్చియు బోధించుటకు కళాకారులను పల్లెపల్లెకు పంపెను. తన మాట చెప్పించుకొనవలసినపుడు ప్రభుత్వమునకు దారిబత్తెము దొరకినది. శశిరేఖ తన మాట తాను చెప్పుకొనుటకు దొరకుట లేదు.

ఆసుపత్రికి మందులు లేని యూర నాటకమునకు సొమ్మేల యని మా యింటి పెద్దలే ప్రశ్నించిరి. ఆ ప్రశ్న తేలికైనది గాదు. మందుల సొమ్ము తీసి నాటకమున కిమ్మని మే మనము. మేము చూపునది కళలకై ఇదివఱకే వ్యయమగుచున్న సొమ్మును. హైదరాబాదున రవీంద్రభారతి 1961 నుండి వెలుగుచున్నది. అటువంటి భవనములు ప్రజాధనముతో కట్టబడినవి, ప్రజాధనముతో నడచుచున్నవి. ఆ చల్లని కుర్చీలో కూర్చుండువారు నగరవాసులు. మా యూరి యాడువారు పన్నులు చెల్లింపరా? సబ్బు కొన్నను చెల్లించుచునే యున్నారు. రాత్రి తొమ్మిది గంటలకు ముగియు నాటకమును చూచి, నూఱు మైళ్లు వచ్చి, తెల్లవారక ముందే పాలు పితుకగల స్త్రీ యెవ్వతె? పురుషుడు నగరమునకు పోయి చూడగలడు. స్త్రీకి, పసిబిడ్డకు, ముసలమ్మకు నాటకము ఎదురురావలెను. ఎదురువచ్చు నాటకమునకు సొమ్మియ్యకుండుట యనగా ఈ ముగ్గురకును నాటకము వలదనుటయే.

ఇక సంచార కుటుంబముల పిల్లల చదువు సంగతి. ఊరు మాఱినప్పుడెల్ల బడి మాఱవలెను. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ వెలసి, కుటుంబములు స్థిరపడినవి. స్థిరపడుట వారికి మేలు; ఊళ్లకు కొఱత. మా యూరికి వచ్చిన పిల్లలలో ఒక పదేండ్ల పిల్ల పగలు లెక్కలు చేయుచు, రాత్రి బాలకృష్ణుడగుచుండెను. బడికి సెలవు లున్న దినములలోనే యాత్ర లుండునట్లు ముందుగా నేర్పఱచిన యెడల ఈ చిక్కు కొంత తీఱును. కాని ముందుగా నేర్పఱచుటకు ముందుగా సొమ్మునకు భరోసా ఉండవలెను. వారమునకు ముందు పిలుపు, ఆడిన ఆఱు నెలలకు చెక్కు అను పద్ధతిలో ఏ తల్లియు పిల్లల చదువును చక్కబెట్టలేదు.

సొమ్ము వచ్చినపుడు దానితో వచ్చు చీడలును మాకు తెలియును. నాటకమునకు ముందు గంటన్నర సన్మానసభ, దండలు, ఉపన్యాసములు. అసలు తెర లేచునప్పటికి పిల్లలు నిద్రపోవుదురు. మఱియు ఎవరి సమాజమునకు పలుకుబడి గలదో వారికే యాత్రలు దొరకుట. దీనికి స్వీడనువారి విరుగుడే మేలని మాకు తోచుచున్నది. ఎన్నిక ఊరి సంఘములది, హామీ ప్రభుత్వముది.

ఒంటి యూరికంటె వరుస యూళ్లు మేలని మా లెక్కలే మాకు నేర్పినవి. మా యూరికి లారీ వచ్చిపోవుట కైన ఖర్చుతో, దారిలోనున్న మఱి మూడు పట్టణములలో మూడేసి రాత్రు లాడవచ్చునని ఆ సమాజపు పెద్దాయన లెక్కగట్టి చూపెను. అందుచే మేము చుట్టుపట్ల పట్టణములలోని మహిళా సంఘములకు జాబులు వ్రాసితిమి. రెండింటినుండి సమ్మతి వచ్చినది. మూడవ సంఘమువారు ఆడుటకు చోటు లేదనుచున్నారు. పురపాలకపు కల్యాణమండపము అద్దె లేకుండ నిచ్చెదరేమో విచారించుచున్నామని నిన్న జాబు వచ్చినది. సంక్రాంతి సెలవులకు ముందు అది తేలవలెను. తేలినచో నాలుగు సంఘముల పేరను కలిపి, అంచనాతో సహా, నష్టపు హామీకై ఒకే అర్జీ పెట్టదలచితిమి. ఈ దారిలోని పట్టణముల సోదరీమణు లెవ్వరైన మాతో కలియ నెంచినయెడల, మీ యూరి బడి ఆవరణ పొడవు వెడల్పులు, కరెంటు కనెక్షను ఏర్పాటు, నలుబదిమందికి బస దొరకునో లేదో ముందుగా విచారించి వ్రాయుడు. ఘటోత్కచుని యెగురవేయుటకు గట్టి దూలము గాని, ఎత్తైన కొయ్యస్తంభములు గాని కావలెనట. దాని కొలతలు మాయొద్ద నున్నవి.